వల ఆగిపోయిన చోట: ఎల్మ్‌ఫోర్డ్ పాత బేస్‌బాల్ మైదానంలో ఒక ఆదివారం

మా అమ్మాయి సహస్రకి పన్నెండేళ్లు. పుట్టుకతోనే ఎడమ చెవి వినపడదు. కుడి చెవి బాగా పనిచేస్తుంది కాబట్టి తనతో మాట్లాడేవాళ్లకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఇబ్బందల్లా శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో పట్టుకోవడం దగ్గరే. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ పనిచెయ్యాలట. నేను వంటింట్లోంచి పిలిస్తే తను మెట్ల వైపు చూస్తుంది. అలాంటి పిల్ల ఈ వేసవిలో కెనడాలో మేముండే ఏజాక్స్‌లో అమ్మాయిల సాఫ్ట్‌బాల్ టీమ్‌కి సెలెక్ట్ అయ్యింది. పేరుకే సాఫ్ట్, బేస్‌బాల్ లాంటి ఆటే. నేను సంతకం పెట్టాల్సిన ఫారం వారం రోజులు ఫ్రిజ్ తలుపు మీదే ఉండిపోయింది. గట్టి బంతి, అదీ ఏ వైపు నుంచి వస్తుందో తెలియని ఆట, సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మా ఆయన రవి నీ ఇష్టమేనని తప్పుకున్నాడు. సహస్ర ఏడవలేదు, అలగలేదు. ఒక్క మ్యాచ్ నాతో కూర్చుని చూసి, ఆ తర్వాత వద్దంటే ఇక అడగనని చెప్పింది. ఈ ప్రయాణం అలా మొదలైంది.

టొరంటోలోని పెద్ద స్టేడియానికి వెళ్దామన్నాను. అక్కడ ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారని తను ఒప్పుకోలేదు. స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఒంటారియోలోని పాత మైదానాల గురించి చదివిందట. అందులో ఎల్మ్‌ఫోర్డ్‌ది తనకి బాగా నచ్చింది. చెక్క స్టాండ్, చేత్తో అంకెలు మార్చే స్కోర్‌బోర్డ్, నూరేళ్లు దాటినా అదే గడ్డి మీద ఆట. ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి మ్యాచ్. రవికి ఒషావాలో వీకెండ్ షిఫ్ట్ ఉండటంతో మేమిద్దరమే బయల్దేరాం.

ఏజాక్స్ నుంచి పొద్దున తొమ్మిదికి బయటపడ్డాం. టోల్ రోడ్డు ఎక్కితే కొంత కలిసొచ్చేది కానీ నేను 401 హైవే మీదే పడమరకి డ్రైవ్ చేశాను. టొరంటో దాటేదాకా బాగానే సాగింది. మిల్టన్ దగ్గర రోడ్డు పని వల్ల ఇరవై నిమిషాలు నత్తనడక. కేంబ్రిడ్జ్ దగ్గర కాఫీకి ఆగి, వుడ్‌స్టాక్ దాటాక హైవే వదిలి, మొక్కజొన్న చేల మధ్య నుంచి ఇంకో పావుగంట. ఊళ్లోకి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది.  దారి పొడుగునా తను నా నిర్ణయం గురించి అడగలేదు, నేను ఎత్తలేదు. 

మైదానానికి సొంత పార్కింగ్ లేదు. దగ్గర్లో చర్చి ఉన్న వీధిలో ఆదివారం ఉచితంగా కారు పెట్టుకోవచ్చు. అక్కణ్ణుంచి నది మీది వంతెన దాటి ఐదు నిమిషాల నడక. టికెట్ పెద్దలకి పన్నెండు డాలర్లు, పిల్లలకి ఆరు. కిటికీ దగ్గర కార్డ్ తీసుకోరు, నగదు తీసుకెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే నేను కూడా ఒక్క క్షణం ఆగిపోయాను. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క స్టాండ్, దాని మీద రేకుల కప్పు, ఎన్నో తరాలు కూర్చుని నున్నగా అరిగిన బెంచీలు. మెట్లు దిగితే నాలుగడుగుల్లో మైదానం. తడిపిన ఎర్రమట్టి వాసన వస్తోంది. ఆటగాళ్లు ప్రాక్టీస్ చేస్తూ వేసుకునే జోకులు కూడా వినిపిస్తున్నాయి. సహస్ర మొహం వెలిగిపోయింది.

లోపాలు కూడా వెంటనే కనిపించాయి. కప్పుని మోసే స్తంభాలు సరిగ్గా చూపుకి అడ్డం వస్తాయి. మోకాళ్లు ముందు బెంచీకి తగులుతాయి. ఆడవాళ్ల వాష్‌రూమ్ ఒక్కటే, క్యూ ఎప్పుడూ తగ్గదు. కప్పు కింద ఉన్న నాలుగైదు వరసల్లో తప్ప ఎక్కడా నీడ లేదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది వల. బ్యాటర్ వెనకాల, స్టాండ్ మధ్య భాగానికి మాత్రమే ఎత్తైన వల కట్టారు. రెండు పక్కల బెంచీలకి నడుం ఎత్తు కంచె తప్ప ఏమీ లేదు.

అక్కడ ప్రమాదం ఎలా వస్తుందో నాకు మొదట చెప్పింది శ్రావ్య. ఫ్రెంచ్ ఫ్రైస్ అమ్మే చోట మా మాటలు విని, తెలుగువాళ్లా ఆంటీ అని పలకరించింది. ఖమ్మం దగ్గర అమ్మాయి, ఒంటారియోలోనే ఉన్న లండన్ ఊళ్లో కాలేజీ, వీకెండ్లు ఇక్కడ పని. బ్యాట్ అంచుకి తగిలిన బంతులు పక్క బెంచీల మీదికి దూసుకొస్తాయని, అక్కడ కూర్చుంటే ఫోన్ చూడొద్దని చెప్పింది. నేను సహస్ర చెవి సంగతి చెప్పాను. తను ఫ్రైస్ మీద ఉప్పు చల్లుతూ, "అయితే వల వెనకాలే కూర్చోండి ఆంటీ, ఎండ కూడా తగలదు" అంది.

అలాగే కూర్చున్నాం. మా పక్కన జోన్ అనే పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, ఒళ్లో స్కోర్ పుస్తకం పెట్టుకుని ప్రతి బంతినీ పెన్సిల్‌తో గుర్తులు వేసి రాసుకుంటోంది. చిన్నప్పటి నుంచి ఇక్కడే చూస్తున్నానని చెప్పి, సహస్రకి ఆ గుర్తులన్నీ ఓపిగ్గా నేర్పింది. ఆట మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లట, మూడోది వచ్చేసరికి నాకు కూడా అర్థమైంది. కానీ మా ముందు స్తంభం, దాని వెనక వల. బ్యాటర్ బంతి కొట్టగానే ముందు పరిగెత్తి చేరాల్సిన మొదటి బేస్ దగ్గర ఏం జరుగుతోందో సగం కనపడటం లేదు. సహస్ర ఆడబోయేది కూడా మొదటి బేస్ దగ్గరేనట. వల అయిపోయిన చోట పక్క బెంచీలో కూర్చుంటానని అడిగింది. వద్దన్నాను. మళ్లీ అడగలేదు, ఊరికే మెడ చాచి చూస్తూ కూర్చుంది. అది చూడలేక లేచాను. జోన్ కూడా మాతో వచ్చింది, కాస్త ఎండ తగిలితే మోకాళ్లకి మంచిదని.

మొదటి బేస్ వైపు కూర్చుంటే బ్యాటర్ మనకి ఎడమ పక్కన ఉంటాడు. బంతి వస్తే అటు నుంచే రావాలి. అందుకే నేను సహస్రకి ఎడమ పక్కన కూర్చున్నాను, వినపడని వైపు. తనకి కుడి పక్కన జోన్. రెండు ఇన్నింగ్స్ నేను ఆట చూడలేదు, బ్యాట్‌నే చూశాను. బ్యాట్ ఊగిన ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే తన ముందుకి వెళ్లేది. తను విసుక్కోకుండా దాన్ని పక్కకి తీసేది. మొదటి బేస్ ఆటగాడు మాకు పదిహేను అడుగుల దూరంలో నిలబడి బంతి విసిరే పిచర్‌తో మాట్లాడుతుంటే ఆ మాటలు తనకి స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆ ఆనందం ఎలాంటిదో నేను చూస్తూనే ఉన్నాను.

ఐదో ఇన్నింగ్స్‌లో మంచినీళ్లు అయిపోయాయి. ఎండ మాడ్చేస్తోంది. జోన్ తను చూసుకుంటానంది. ఒక్క నిమిషంలో వచ్చేస్తానని లేచి వెళ్లాను. క్యూలో మాత్రం ఏడెనిమిది నిమిషాలు పట్టింది. రెండు నీళ్ల సీసాలు, ఒక పేపర్ ట్రే పట్టుకుని మెట్లు దిగుతున్నాను. సహస్ర నా చోట్లోకి జరిగి, బెంచీ చివర కూర్చుని ఉంది. మా మధ్య పది అడుగులు ఉంటుంది.

బ్యాట్ చప్పుడు ఎప్పటిలా లేదు. పొడిగా, విరిగినట్టు వినిపించింది. జనమంతా ఒక్కసారిగా అరిచారు. తెల్లటి బంతి నేలకి ఎత్తుగా కూడా కాదు, తిన్నగా, బెంచీ చివర వైపు రావడం చూశాను. నా చేతుల్లోవి ఎప్పుడు వదిలేశానో తెలియదు. "సహస్రా!" అని కేక పెట్టాను.

తను అటూ ఇటూ చూడలేదు. అరుపు వినపడిన క్షణంలోనే రెండు చేతులూ తల వెనక కట్టి, మోకాళ్ల మీదికి వంగిపోయింది. తల ఒక్కసారి కొద్దిగా కదిలింది. అంతలోనే మళ్లీ గట్టిగా కిందికి దించుకుంది. బంతి తన మొహం ఉండాల్సిన చోటు మీదుగా వెళ్లి, వెనక బెంచీ పలకకి కొట్టుకుని, తిరిగి వచ్చి మోచేతి పైన తగిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను చేరేసరికి జోన్ తన భుజం పట్టుకుని ఉంది. లేపొద్దు, చెయ్యి లాగొద్దు అని నాకు చాలా నెమ్మదిగా చెప్పింది. ఆట ఆపేశారు. మొదటి బేస్ ఆటగాడు కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి, టోపీ తీసి, పాలిపోయిన మొహంతో నిలబడ్డాడు. సహస్ర బాగున్న చేత్తో బొటనవేలు పైకి చూపించేదాకా కదల్లేదు. ఫస్ట్ ఎయిడ్ చూసే మనిషి వచ్చాడు. వేళ్లు కదుపుతోందని, కానీ వాపు వేగంగా వస్తోందని, ఎక్స్‌రే తీయించుకోవడం మంచిదని చెప్పాడు. శ్రావ్య ఐస్ గడ్డలు గుడ్డలో కట్టి తెచ్చి, వంతెన దాటి కారు దాకా మాతో నడిచింది.  నోరు తెరిస్తే ఎవరి మీద అరుస్తానో నాకే తెలియదు.

హాస్పిటల్ అక్కడికి ఎనిమిది నిమిషాలు. ఎమర్జెన్సీలో మూడు గంటల పైనే కూర్చున్నాం. చిన్న ఊళ్లో, అదీ ఆదివారం, ఆ మాత్రం తప్పదు. హెల్త్ కార్డ్ దగ్గర ఉండాలి, మా ఇద్దరివీ నా పర్సులోనే ఉన్నాయి. రవికి ఫోన్ చేస్తే షిఫ్ట్ వదిలేసి వస్తానన్నాడు. ఎక్స్‌రే అయ్యేదాకా ఆగమన్నాను. ఆ గోడల మధ్య కూర్చుని మనసులో ఫారం ఎన్నిసార్లు చింపేశానో లెక్క లేదు. వల వెనక నుంచి లేచింది నేను. నీళ్లకి వెళ్లింది నేను.

కాసేపటికి, అలా తల దాచుకోవడం ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ నేర్పలేదంది. గ్రేడ్ ఫోర్‌లో రీసెస్‌లో, అంటే స్కూల్ ఆటల విరామంలో, సాకర్ బాల్ మొహానికి తగిలిందట. అందరూ అరిచారు, తను రాంగ్ సైడ్ చూసింది. అప్పటి నుంచి అరుపు వినపడితే ముందు తల దాచుకోవడమే, చూడటం తర్వాత. మూడేళ్లుగా ఇదే అలవాటు. నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే రీసెస్‌కి కూడా వద్దంటావు కదా."

 తను ఐస్ గుడ్డని సర్దుకుని, నా వైపు చూడకుండానే మళ్లీ అంది.

"అమ్మా, యు కాల్డ్ మై నేమ్. నేను ఆల్మోస్ట్ లేచాను. నువ్వు పిలిస్తే చూడాలి కదా, అందుకని. నెక్స్ట్ టైమ్ పేరు పిలవొద్దు. జస్ట్ సే డౌన్, ఓకే?"

 ఆ తల కొద్దిగా కదలడం నేను చూశాను, కానీ నా గొంతుకే కదిలిందని అప్పటిదాకా తట్టలేదు. తనని కాపాడటానికి నేను చేసిన ఒకే ఒక్క పని తనని ఆ బంతికి ఎదురు నిలబెట్టబోయింది. సరే అన్నాను. నెక్స్ట్ టైమ్ అన్న మాటని కాదనలేదు. ఇద్దరం దాన్ని గమనించాం.

ఆరున్నరకి డాక్టర్ వచ్చి ఎముక బాగానే ఉందని, లోపలి దెబ్బ కాబట్టి రెండు వారాలు ఆటలు వద్దని చెప్పింది. రవికి ఫోన్ చేసి చెప్పాను. ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటింది. సోమవారం పొద్దున ఫారం మీద సంతకం పెట్టాను. కింద ఖాళీ చోట్లో కోచ్‌కి రెండు ముక్కలు రాశాను: ఎడమ చెవి వినపడదు, ఫీల్డింగ్‌లో కూడా మొహానికి గార్డ్ కావాలి, పేరు పెట్టి హెచ్చరించొద్దు. కోచ్ ఫోన్ చేసి, అవన్నీ సహస్ర సెలెక్షన్ రోజే చెప్పిందని అంది.

ఆ మైదానానికి వెళ్లొచ్చా అని అడిగితే వెళ్లమనే చెప్తాను. పెద్ద స్టేడియంలో దొరకనిది అక్కడ దొరుకుతుంది. ఆటగాడి ఊపిరి వినిపించేంత దగ్గరగా కూర్చుంటాం, దెబ్బ తగిలితే అతను ఆట ఆపి వచ్చి నిలబడతాడు, పక్కావిడ మన పిల్లకి స్కోర్ రాయడం నేర్పుతుంది. దెబ్బ తగిలింది కూడా ఆ దగ్గరితనం వల్లే. రెంటినీ విడదీసి ఒకటే కావాలంటే కుదరదు. ఇన్నేళ్లూ తన చెవికి బదులు నేను వింటున్నాననుకుని పక్కన కూర్చున్నాను. తను మాత్రం నాకు తెలియకుండా తనదైన పద్ధతి ఒకటి తయారుచేసుకుంది. ఇప్పుడు ప్రాక్టీస్‌కి తీసుకెళ్లి కంచె అవతల కూర్చుంటున్నాను. భయం తగ్గలేదు. బ్యాట్ ఊగినప్పుడల్లా చెయ్యి లేస్తూనే ఉంటుంది, నేనే దాన్ని దించుకుంటున్నాను.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. పిల్లలతో వెళ్తే వల వెనకాలే కూర్చోండి, స్తంభం అడ్డమొచ్చినా ఫర్వాలేదు. ఒకవేళ పక్క బెంచీల్లో కూర్చోవాల్సి వస్తే, బంతి మీ వైపు వచ్చినప్పుడు పిల్లల్ని పేరు పెట్టి పిలవకండి. పిలిస్తే తలెత్తి మీ వైపు చూస్తారు. "కిందికి" అని అరవండి.