గుట్ట మీద పరాయి గోత్రం

కార్తీకంలో మా సంఘం వాళ్లు వనభోజనాలకు భూపాలపల్లి వైపు గుట్టల మీదికి పోదామంటే నేను వద్దనలేదు. చూడదగ్గ చోటని కాదు. మానుకోటలో వనభోజనాల నాడు ఉసిరిచెట్టు కింద మొదటి కొబ్బరికాయ కొట్టేది మా తాతల నాటి నుంచీ మా ఇల్లే. మిర్చి వ్యాపారం మునిగి దుకాణం పోయినా ఆ కాయ మాకు మిగిలింది. కిందటేడు జ్వరంతో పోలేకపోయాను. నా బదులు సంఘం అధ్యక్షుడు కొట్టాడు. ఈసారీ నేను కనబడకపోతే అది అతనింటి హక్కయిపోతుంది. నా కొడుకు పనిచేసేది అతని బియ్యం దుకాణంలోనే.

తెల్లవారకముందే బస్సు కదిలింది. గూడూరు దాటినా పాటల మోత ఆగలేదు. ఇరుకు సీట్లో మోకాళ్లు బిగుసుకుపోయాయి. అధ్యక్షుడు తన కారులో వెనక వచ్చాడు. గుట్ట కింద దిగేసరికే ఎండ ముదిరింది. మెట్లు కొంతదూరమే. ఆపైన బండలు, ఒక ఇనుప నిచ్చెన.

"జర నా చెయ్యి పట్టుకో కాకా, పడ్తవ్" అన్నాడొక పడుచువాడు.

"పడ్డంక పట్టుకుందువులే."

"కాక నడుము సూడుండ్రి, ధ్వజస్తంభం లెక్క!" అని వెనక ఆడవాళ్లు నవ్వారు. వంచకుండానే ఎక్కాను.

పైన అందరూ ఫోన్లు పట్టుకుని అంచుకు ఉరికారు. కింద అడవి, మధ్యలో చెరువు, ఆవల పత్తిచేలు. బాగుందన్నారు. నా కళ్లలోకి చెమట దిగుతోంది.

ఉసిరిచెట్టు కింద అయ్యగారు పూజకు అంతా సర్ది అధ్యక్షుడి కోసం ఆగారు. అతను ఎంతకీ రాలేదు. పిల్లలు ఆకలికి ఏడుపు అందుకున్నారు. చివరికి మా వెంట వచ్చిన నా కొడుకు ఫోన్ మోగింది. అధ్యక్షుడు నిచ్చెన దాకా వచ్చి, ఆయాసమొచ్చి వెనక్కి దిగిపోయాడట. "మీ బాపుతోని కొట్టియ్యిరా" అన్నాడు. నా ఇంటి పని నాకే పురమాయించాడు. అయినా కాయ అందుకున్నాను.

అయ్యగారు సంకల్పం మొదలుపెట్టి గోత్రం అడిగారు. నేను నోరు తెరిచేలోపే నా కొడుకు ఫోన్ ఆయన ముందుకు చాపాడు. అందులోంచి అధ్యక్షుడు తన గోత్రం, పేరు, భార్య పేరు, మనవల పేర్లు వరసగా చెప్పాడు. అయ్యగారు అన్నీ మంత్రంలో కలిపారు.

"మా గోత్రం సదువుండ్రి" అన్నాను.

"ఈయేడు కర్తలు వాళ్లు గదా. ఆఖర్ల అందరితోని మీది గూడ సదువుత."

కాయ ఆయన ముందు పెట్టేశాను.

కొడుకు ఫోన్‌ను అరచేత్తో మూసి నా దగ్గరికి వంగాడు. "ఎవల పేరైతే ఏంది బాపూ? సేటు ఇంక లైన్లనే ఉన్నడు."

"ఉండనీ."

"రేపు దుకాణంల ఆయన మొకం సూడాల్సింది నేను. నువ్వు గాదు."

"అయితే నువ్వే కొట్టు."

కొట్టడనుకున్నాను. ఒక్క దెబ్బకే పగలగొట్టాడు.

"శభాష్ బిడ్డా" అంది ఫోన్. "ఇగ ఏటా మా ఇంటి కాయ నువ్వే కొట్టాలె."

"సరే సేటూ" అన్నాడు నా కొడుకు.

విస్తర్లు వేశారు. వాడు తన పక్కన నాకు చోటు ఉంచాడు. నేను కూర్చోలేదు. నిచ్చెన ఒక్కడినే దిగాను.

కింద అధ్యక్షుడు కారులో ఉన్నాడు. నన్ను చూసి అద్దం దించాడు.

"తిన్నవా అన్నా?"

"తిన్న" అన్నాను.