చిలమత్తూరు బస్సూ, మా బాషా చిన్నాయనా

ఈ వార్త మాకు మొదట తెచ్చినవాడు పెనుకొండ బస్సు కండక్టరు నారాయణప్ప. టిక్కెట్ల సంచి భుజాన ఉండగానే ధర్మవరంలో మా వాకిట్లోకి వచ్చి, "అక్కా, బాషా సాబు పోయినాడు. తెల్లారి నమాజు చేసుకుని మళ్లా పండుకున్నాడంట, లేయలేదు" అన్నాడు. దీపంలో పోయబోతున్న నూనె గిన్నె నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. మొన్న శుక్రవారం గదా మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి పోయినాడు! ఆ నిర్యాణవార్తను మనసు ఇప్పటికీ అంగీకరించడం లేదు.

పెనుకొండ వాస్తవ్యుడైన మహబూబ్ బాషా మా నాయన పట్టుచీరల కంపెనీకి దారం కొనే మనిషి. హిందూపురం చుట్టుపక్కల షెడ్లలో పట్టుగూళ్లు ఉడికించి తీసిన దారాన్ని చూసి, బేరమాడి, మా మగ్గాలకు చేర్చేవాడు. నాయనకు తమ్ముని లెక్క, నాకు చిన్నాయన. నేను బడికి పోయినదాన్ని గాదు. అవ్వ ఇంట్లో అక్షరాలు దిద్దించింది, చిన్నాయన పాత వారపత్రికలు తెచ్చి చదివించినాడు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది వాళ్లిద్దరి భిక్ష.

ఆయన కొనుగోలుకు ఒక అపూర్వమైన నియమం ఉండేది. దారం నచ్చినాక షెడ్డు నడుమ నిలబడి, పనివాళ్లందరికీ వినపడేటట్టు, "నేను పోయే బస్సు లేపాక్షి మీద చిలమత్తూరు పోతాది. ఊరికి పోయే పని ఎవురికన్నా ఉంటే రాండి. చూసుకుని మళ్లా వద్దురు" అనేవాడు. యజమాని నవ్వి "పోయిరాండమ్మా" అంటే కొనేవాడు. పనివాళ్లు యజమాని ముఖం చూసి తలలు దించుకుంటే, ఎంత మేలైన దారమైనా అక్కడే వదిలేసి వచ్చేవాడు. ఆయన ఇల్లు పెనుకొండలో. చిలమత్తూరు దోవ దానికి పూర్తిగా ఎదురు.

ఎందుకిట్లా అని అడిగితే ఒక్కసారే చెప్పినాడు.

దారం చూసేదానికి పోయేముందు కబురు పంపడం మా వ్యాపారంలో మర్యాద. పనిలో కొత్తగా చేరిన రోజుల్లో హిందూపురం అవతల ఒక షెడ్డుకు ఆయనా అట్లాగే కబురంపి పోయినాడు. నేల కడిగి ఉండాది, భోజనం సిద్ధంగా ఉండాది, పనివాళ్లు ఉతికిన బట్టల్లో ఉండారు. అడ్వాన్సు తీసుకున్న పాపానికి వాళ్లు ఆ గేటు దాటకూడదన్న సంగతి ఆయనకు తెలియదు. కాగే నీళ్లలో పట్టుగూళ్లు కలుపుతున్న ఒకామె, నాని తెల్లగా పాలిపోయిన వేళ్లామె, తల ఎత్తకుండానే అడిగింది.

"సాబూ, మీరు పోయే బస్సు చిలమత్తూరు మీద పోతాదా?"

"లేదమ్మా, నాది పెనుకొండ బస్సు."

"అట్లనా. ఆడ మాయమ్మ ఉండాది. గంగమ్మ అడిగిందని..."

యజమాని నవ్వినాడు. "దీనికెప్పుడూ బస్సుల యావే సాబూ. రాండి, అన్నం చల్లారిపోతాది."

ఆమె తనను ఆ గేటు దాటించమని అడిగిందని చిన్నాయనకు బస్సు కదిలి ఊరు దాటినాక గానీ తట్టలేదు. మరునాడు ఏ కబురూ లేకుండా పోయినాడు. ఆ పొయ్యి ముందు వేరొకామె కూర్చోనుంది. "గంగమ్మా? ఎవురా గంగమ్మ?" అన్నాడు యజమాని. చిలమత్తూరుకు పోయి తల్లిని వెదికి పట్టుకుంటే, ఆ ముసలామె అడిగింది ఒకటే: "నా బిడ్డను చూసినావా నాయనా? బాగుండాదా?" ఆ ప్రశ్నకు సమాధానం కోసం ఆయన అవతలి కర్ణాటక షెడ్ల దాకా ఏండ్ల తరబడి తిరిగినాడు. గంగమ్మ దొరకలేదు.

ఒకసారి పెండ్లిళ్ల కాలంలో, ఆయన బస్సు పేరు చెప్పగానే ఒక షెడ్డులో మొగుడూ పెండ్లామూ లేచి ఆయన వెంట నడిచినారు. యజమాని కేకలు పెట్టినాడు. చిన్నాయన వాళ్లను ఊర్లో దింపి, మా కాడికి ఒట్టి చేతులతో వచ్చినాడు. నాయన మండిపడినాడు.

"పట్టు తెమ్మంటే మనుషుల్ని దింపి వచ్చినావేమప్పా! మగ్గాలకు నీ బస్సు టిక్కెట్లు ఎక్కించల్లనా?"

"ఎక్కించన్నా, కనీసం రంగు పోదు" అని, మెల్లగా అన్నాడు: "మన చీర కట్టుకునేది పెండ్లిలో. దాని పోగు తీసిన మనిషి గూడా తన ఊర్లో పెండ్లికి పోయి వచ్చేటట్టు ఉండల్ల గదన్నా."

ఆ కాలమంతా మా మగ్గాలు కొన్ని ఊరికే నిలబడినాయి. కానీ ఆ తర్వాత దారం అమ్మేదానికి ఎవురొచ్చినా నాయనే అనేవాడు: "మా బాషా వచ్చి బస్సు పేరు చెప్పల్ల. అప్పుడే బేరం."

వెట్టిచాకిరిని రద్దుచేస్తూ చట్టం వచ్చిందని రేడియోలో విన్ననాడు నాయన సంబరంగా, "ఏమప్పా, నీ మాట ఢిల్లీ దాకా పోయిందే!" అన్నాడు. చిన్నాయన నవ్వలేదు. "చట్టం వచ్చిందన్నా, మంచిదే. గంగమ్మ రాలేదే" అన్నాడు.

ఆ ధర్మమూర్తి స్థానాన్ని ఇక ఎవరు భర్తీ చేయగలరు? ఆయన దువాలో, నా దీపం ముందర, ఇన్నేండ్లూ ఒకే పేరు ఉండేది. ఇప్పుడు ఆ పేరు మోసేదాన్ని నేనొక్కదాన్నే మిగిలినాను. అందుకే చదివేవాళ్లను చేతులెత్తి వేడుకుంటున్నాను. చిన్నాయనను తలుచుకునేదానికి మేము చాలామందిమి ఉండాము. మీరు మాత్రం, హిందూపురంలో చిలమత్తూరు బస్సు కదిలేటప్పుడు, దాంట్లో ఎక్కాలని అడిగిన గంగమ్మను ఒక్కసారి తలుచుకోండి.