వెనకాలోడి కాలి ముల్లు

మా పెంచలనరసింహం మామకు అన్ని పనులూ వచ్చు, బయలుదేరడం ఒక్కటి రాదు.

అందరూ తయారై గడప దాటబోయే సమయానికి ఆయనకు ఏదో ఒకటి అడ్డం పడుతుంది. "ఉండండ్రా, కళ్లద్దాలు కనపళ్లా" అంటాడు. కళ్లద్దాలు దొరికితే చెప్పు తెగుతుంది. చెప్పు కుట్టుకుంటే తాళంచెవి పోతుంది. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతోందని ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఇల్లంతా వెతుకుతాం, తిడతాం, చెమటలు కక్కుతాం. పావుగంట తరువాత ఆయనే "ఆ, దొరికింది, పదండి పదండి" అని తొందర పెడతాడు, అక్కడికి మనమేదో ఆలస్యం చేసినట్టు.

ఇలాంటి మనిషి ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. నవ్వకండి. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పొద్దున ఏడు గంటల బస్సు ఆయనదే. ఏడవుతుంది. డ్రైవరు మస్తానయ్య ఇంజను వేస్తాడు. మామ విజిలు నోట్లో పెట్టుకుంటాడు, మళ్లీ తీసేస్తాడు. "ఉండు మస్తానయ్యా, విజిల్లో ఈగ దూరింది."

"ఆ ఈగకి నువ్వు పాసు ఇచ్చినావా ఏంది సామీ, రోజూ ఎక్కతా ఉండాది?" అని మస్తానయ్య తల పట్టుకునేవాడు.

ఆ బస్సులోనే నేను మూడేళ్లు డిగ్రీ కాలేజీకి వెళ్లాను. నేను పుట్టు నిద్రమొహాన్ని. సగం జడతో, ఒక చేతిలో పుస్తకాలు, ఇంకో చేతిలో ఇడ్లీతో పరుగెత్తుకొచ్చేసరికి మామ బస్సు మెట్టు మీద కూర్చుని విజిలు దులుపుతూ ఉండేవాడు. ప్రయాణికులంతా ఆయన్ను ఏకిపారేస్తూ ఉండేవారు. ఆ గోలలో నేను మెల్లగా ఎక్కి వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఇంత బద్ధకస్తుడు కండక్టరు కావడం నా అదృష్టమే అనుకునేదాన్ని.

రిటైరయ్యాక మామ ఆత్మకూరులో స్థిరపడ్డాడు. నేను అదే ఊళ్లో ఫ్లెక్సీలు తయారుచేసే షాపులో డిజైనరును. మధ్యాహ్నం భోజనం మామ ఇంట్లోనే.

ఇది పగటి బతుకు. నాకు ఇంకో బతుకు ఉంది. అందులో నేను ఇందును కాదు, అడవిలో మందగా తిరిగే రేసుకుక్కను. ఫోన్‌లో మాది ఒక గ్రూపు, పేరు మబ్బుకొండ మంద. పందొమ్మిది మందిమి. ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు. ఒక్కొక్కరం ఒక్కో అడవికుక్కగా మారిపోయి, మంద కథను రోజూ తలా కొంచెం రాస్తూ ముందుకు నడుపుతాం. వానాకాలం పొద్దున మా ఉదయగిరి కొండను చూశారా? కింది సగం మాయమై, కోట గోడలున్న పై సగం మబ్బు మీద తేలుతున్నట్టు ఉంటుంది. మేముండేది అక్కడే. అక్కడ ఫ్లెక్సీ మీద పెద్దాయన ఫొటో చిన్నదైందని ఎవరూ తిట్టరు. మంచులో దారి కనబడదు. ముందున్న కుక్క వాసన పట్టుకుని, వెనకున్న కుక్క ఊపిరి వింటూ నడుస్తాం. పగలంతా ఆ తడిగడ్డి వాసన నా చుట్టూనే తిరుగుతున్నట్టు ఉంటుంది.

అలాంటి మందకు ఉన్నట్టుండి నాయకుడు లేకుండా పోయాడు. పాత నాయకుడు పోటీ పరీక్షల కోచింగు అంటూ గ్రూపు వదిలేశాడు. అసలే కష్టకాలం. కార్తీక పున్నమి లోపల మంద కొండ దాటి అవతలి పచ్చలోయ చేరాలి. చేరకపోతే ఆ లోయ తూర్పుపులుల గ్రూపుకు పోతుందని రెండు గ్రూపులకూ ఒప్పందం. మాలో నలుగురైదుగురు అప్పుడే పులులైపోతే మేలేమోనని గుసగుసలాడుతున్నారు. మూడేళ్లుగా పెంచుకున్న కల నా కళ్లముందే చెదిరిపోయేలా ఉంది. చేసేది లేక ప్రకటన వేశాను.

"నాయకుడు కావలెను. రేసుకుక్క అయి ఉండవలెను. తెలుగు టైపింగు వచ్చి ఉండవలెను. కోపం తక్కువగా ఉండవలెను."

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకాయన తనను గెలిపిస్తే కుక్కకొక గుహ కట్టిస్తానన్నాడు. మన జిల్లా ఎన్నికలు చూసినవాడేనని అర్థమైంది. ఇంకొకాయన కుక్కగా తన స్థాయికి తగదనీ, సింహంగా అయితే ఆలోచిస్తాననీ అన్నాడు.

భోజనాల దగ్గర ఇది చెప్పి నవ్వుతుంటే మామ నవ్వలేదు.

"ఎంతమంది పాపా మీరు?"

"పందొమ్మిది మంది మామా."

"దారిలో ఎవురన్నా వెనకబడితే?"

"మూడు రోజులు ఏమీ రాయకపోతే ఆ కుక్కను కొండ మింగేసినట్టు లెక్క. పేరు తీసేస్తాం. రూలు."

మామ ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఏందీ? ఎక్కినోళ్లని అడివిలో దించేస్తారా? ఎవురు పెట్టినారు ఆ రూలు?"

"నేనే."

"నా పేరు రాసుకో."

చెంచులక్ష్మి అత్త పొలమారి నీళ్లు తాగింది. "కుక్కలకి నాయకుడా! ఇంట్లో పిల్లి కూడా ఈయన మాట ఇనదు గదే!"

పరీక్షగా అందరినీ కొండ మీద తెల్లవారడం గురించి నాలుగు మాటలు రాయమన్నాం. గుహలాయన గర్జించాడు. సింహం తన జూలు గురించే రాసుకున్నాడు. మామ పరీక్ష మొదలైన పావుగంటకు పంపాడు. అప్పటిదాకా ఫోన్‌లో 'ఉ' కనబడలేదట.

"తెల్లారతా ఉండాది. కొండ ఇంకా మబ్బు కప్పుకోని పొణుకోనే ఉండాది. మంద మీద మంచు కురస్తా ఉండాది. నాకు మెలకవొచ్చి శానాసేపయింది. నేను లేస్తే ఆకులు చప్పుడైతాయి. చివరి కుక్క కల అయిపోయిందాకా నేను కండ్లు మూసుకోనే ఉంటా."

అన్ని ఓట్లూ ఆయనకే పడ్డాయి. నాయకుడిగా ఆయన పెట్టుకున్న పేరు 'వెనకాలోడు'.

మొదటి రోజు నడక బ్రహ్మాండంగా సాగింది. రెండో రోజు కొండ నడుమ ఒక నల్లబండ దగ్గర మంద ఆగింది. మరునాడు పొద్దున అందరం లేచి, ఒళ్లు దులుపుకుని, తోకలు లేపాం. వెనకాలోడు రాశాడు: "ఉండండ్రా, కాల్లో ముల్లు దిగింది."

ఆ ముల్లు సంగతి నాకు కాక ఎవరికి తెలుసు!

వారమైంది. ముల్లు రాలేదు. రెండు వారాలైంది. కాలు వాచింది. మందలో నల్లచెవి అనే దుడుకు కుక్క ఉంది. "నాయకా, అది ముల్లా, గునపమా?" అని అడిగాడు. ఇంకొకరు పసరు వైద్యం చెప్పారు. మరొకరు కాలే తీసేద్దామన్నారు. వెనకాలోడు అన్నింటికీ "మీరు చెప్పింది నిజమే" అనేవాడు, కదిలేవాడు కాదు. మందలో చివర నడిచే ముసలి కుక్క చుక్క, నల్లబండ దగ్గర ఆగిన రోజు నుంచీ ఒక్క మాటా రాయలేదు. రూలు ప్రకారం పేరు తీసేద్దామంటే నాయకుడు ఒప్పుకోవాలి. అడిగితే, "చదివి ఒప్పుకోవాల గదా పాపా, కళ్లద్దాలు కనపళ్లా" అన్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి.

రేపు పున్నమి అనగా నల్లచెవి తేల్చేశాడు. "సాయంత్రం లోపల ఆయన్ను దించకపోతే మేం తొమ్మిది మందిమి పులులమైపోతాం." తొమ్మిది మంది పోతే ఇంక మంద ఎక్కడిది? భోజనానికి వెళ్లినప్పుడు చెప్పాను.

"మామా, ఏమీ అనుకోవద్దు. నిన్ను తీసెయ్యమంటా ఉండారు."

"తీసెయ్యండి పాపా. తప్పేముండాది? ఈ ఒక్క దినం ఉండనీ, రేపు తీసెయ్యండి."

"పోనీ ఆ ముల్లన్నా తీస్తావా?"

"లోతుగా దిగింది" అంటూ చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

అత్త నా కంచంలో మజ్జిగ పోస్తూ నవ్వింది. "మా పెండ్లి నాడు ఏం చేసినాడో తెలుసా? ముహూర్తానికి కండువా కనపళ్లేదన్నాడు. పంతులు కేకలు, మా నాయన ఆగం. పెండ్లికొడుకు తిక్కలోడని పందిరంతా నవ్వింది. అప్పుడికి మా అన్న ఇంకా రాలా. జలదంకి కాడ బండి చెడిపోయి, దుమ్ము కొట్టుకోని పరిగెత్తుకోనొచ్చినాడు. అన్న పందిట్లో కాలు పెట్టినాక కండువా ఈయన చంకలోనే దొరికింది. ఎందుకు లేటైందని మా అన్నను ఒక్కరూ అడగలా. అందురూ ఈయన్ని తిట్టే పనిలో ఉండారు గదా!"

విజిల్లో ఈగ గుర్తొచ్చింది. మూడేళ్ల పాటు అది సరిగ్గా నా జడ సగమైన రోజుల్లోనే దూరేది. బస్సు నిండా జనం ఆయన్ను తిట్టారు. నన్ను ఒక్కరు ఒక్క మాట అనలేదు. బద్ధకస్తుడనుకున్నాను నేను. సిగ్గేసింది. ఆ వెంటనే ఆయన మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది.

అప్పుడే నా ఫోన్ మోగింది. గ్రూపులో చుక్క.

"చుక్క పొదల్లోంచి తల బయటపెట్టింది. ఇన్ని దినాలకి మంద ఎప్పుడో కొండ దాటిపోయుంటుంది. ఖాళీ బండనన్నా ఒకసారి చూసిపోదామని వచ్చింది."

ఆమె వింజమూరులో బట్టలు కుట్టే రేణుకాదేవి అనీ, కుడిచేయి విరిగి కట్టు కట్టారనీ, ఆ నాలుగు మాటలూ ఎడమచేత్తో ఒక్కో అక్షరం నొక్కిందనీ మాకు తరువాత తెలిసింది. అప్పటికి మాకేమీ తెలియదు. నల్లచెవి ఏదో రాస్తున్నట్టు ఫోన్ చూపిస్తోంది. నిలదీస్తాడేమోనని భయపడ్డాను. అతని మాట రాకముందే, పెరట్లో తడిచేత్తో నిలబడిన వెనకాలోడి మాట వచ్చేసింది.

"అబ్బ! ఊడొచ్చింది ముల్లు. నా మాయదారి కాలు పాడుగాను, మందంతా ఈడనే పడుండాది చుక్కా. నువ్వన్నా నాలుగు తిట్టు. పదండి పదండి!"

కాసేపటికి చుక్క రాసింది: "అంత పెద్ద కుక్కవి, ముల్లుకే ఇట్టయితే ఎట్టయ్యా?"

మందంతా విరగబడి నవ్వింది. నల్లచెవి తాను రాస్తున్నది చెరిపేసి, "అవ్వా, నువ్వు ఈసారి నడుమన నడువు, నేను వెనకుంటా" అని రాశాడు.

లోయ మాత్రం దక్కలేదు. మేం చేరేసరికి పున్నమి దాటి అరపూటైంది, అప్పటికే లోయ పులులదైపోయింది. మాకు పక్కనున్న రాళ్లగుట్ట మిగిలింది. మబ్బు అక్కడా దిగుతుంది. ఒక్కరు కూడా మందను వదిలిపోలేదు. మూడు రోజుల రూలు నేనే తీసేశాను. పోయిన నెల నల్లచెవి జ్వరమొచ్చి ఐదు రోజులు రాయలేదు. ఆ ఐదు రోజులూ నాయకుడి చెవిలో గోమారి పురుగు దూరింది.

నిన్న షాపులో పని తెమలక భోజనానికి గంటన్నర ఆలస్యమైంది. వెళ్లేసరికి అత్తా మామా వడ్డించిన కంచాల ముందు కూర్చుని ఉన్నారు.

"ఇంకా తినలేదా మామా?"

"ఎట్టా తినేది పాపా? ఉప్పు గిన్నె కనపళ్లా."

గిన్నె ఆయన మోకాలి పక్కనే ఉంది. నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్లి, కాసేపు వెతికి వచ్చాను.