తోక సామి పేరు

నా చిన్నప్పుడు శాలువా అంటే చలికి కప్పుకునేది. ఇప్పుడు ఎండాకాలంలో, అదీ ఆలూరులో, మనిషిని కుర్చీకి అతికించి మెడ చుట్టూ చుట్టి, చెమటతో తడిసేదాకా కదలనివ్వక, దాన్ని సన్మానం అంటున్నారు. మొన్న నాకూ జరిగింది. ఆడవాళ్లకు చదువు చెప్పి సమాజసేవ చేశానట. సేవ అని వాళ్లనుకుంటున్నారు. నేను మాత్రం పగ తీర్చుకుంటున్నాననే అనుకుంటూ వచ్చాను.

1950ల్లో మా ఊరి బడి వసారాలో పక్కింటి అక్క మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు చదువు చెప్పేది. మా అమ్మ అక్కడ చేరింది. ఆ వసారా మీద మా పెదనాయనకు కన్నుండేది. చదువు లేకపోతే అక్కడ ఆయన వేరుశనగ మూటలు పెట్టుకోవచ్చు. "ఇది చదివి కలెక్టరయితాదా?" అనేవాడు. ఆయన చదివి ఏమయ్యాడని ఎవరూ అడగలేదు, చదవలేదు గనక.

ఏడాది చివర కర్నూలు నుంచి ఒక అధికారి వచ్చి పరీక్ష పెట్టాడు. పాఠం పైకి చదవాలి. అమ్మ గడగడా చదువుతూ ఒకచోట ఆగిపోయింది. అక్కడ 'ఆంజనేయుడు' అని ఉంది. మా నాన్న పేరు ఆంజనేయులు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ, అంటే నాన్న తల్లి, అమ్మకు పెళ్లినాడే చెప్పింది. అందుకని అమ్మ గుళ్లో దేవుణ్ణి కూడా 'తోక సామి' అనే మొక్కేది. ఆయనకేమీ అభ్యంతరం ఉన్నట్టు కనపడలేదు. అధికారికి మాత్రం ఉంది. అక్షరాలు రావని రాసుకున్నాడు. తక్కిన ఆడవాళ్లు భయంతో నోరే తెరవలేదు. వచ్చే ఏడు ఒక్కరైనా నెగ్గకపోతే ఈ చదువు మూసేస్తామని చెప్పి వెళ్లాడు.

ఆ ఏడంతా అమ్మ జొన్నచేలో కలుపు తీస్తూ సాధన చేసింది. అవతల ఎద్దులతో గుంటక తోలుతున్న నాన్నకు వినపడనంత మెల్లగా ఆ పేరు పలికేది. పలికి, చప్పున తలెత్తి, ఆయన ఇంకా నడుస్తున్నాడా అని చూసేది. నడిచేవాడు. కొన్నాళ్లకు కాస్త గట్టిగా పలికింది. ఎద్దులు చెవులు కదిలించాయి. నాన్న అదీ చేయలేదు.

మళ్లీ పరీక్ష వచ్చింది. పెదనాయన ఎంత నమ్మకంతో ఉన్నాడంటే, మూటలు ముందే తెప్పించి వసారా మెట్ల కింద దింపించాడు. అవ్వ కూడా వచ్చి, "పలికితివంటే నా కొడుకును మింగినట్లే" అంది. అమ్మ ఆ మాటను పూర్తిగా నమ్మేది. నమ్ముతూనే, జనంలో నిలబడ్డ నాన్న వైపు ఒకసారి చూసి, "ఆంజనేయుడు సముద్రము దాటెను" అని వీధి చివరికి వినపడేలా చదివింది.

అధికారిని ఎవరూ పట్టించుకోలేదు. ఊరంతా నాన్ననే చూసింది.

"ఏమిరా, బాగుండావా?" అన్నాడు పెదనాయన.

"బాగనే ఉండానన్నా."

పెదనాయన ముఖంలో కొంత నిరాశ కనిపించింది. మూటలు మళ్లీ బండెక్కాయి.

తర్వాత పక్కింటి అక్క పెళ్లయి వెళ్లిపోతే ఆ వసారాలో అమ్మే చదువు చెప్పింది. నేను కర్నూలులో బి.ఏ. చదివొచ్చి, కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో అదే పని పెట్టుకున్నాను. కొంప మునుగుతుందని పెద్దమనుషులెవరైనా బెదిరిస్తే వాదించను. మునిగిందేమో చూసి, పాఠం మొదలుపెడతాను. ఆ పరీక్ష రోజు నుంచి నేను నేర్చుకున్నది అంతే.

కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు మా అమ్మ కథ చెప్పి, భయపడకుండా మొగుడి పేరు పలకమంటాను. పోయినేడు సుగ్గికని దూరపు ఊళ్లకు వలసకూలికి పోయి తిరిగొచ్చిన ఒకామె కథంతా ఓపిగ్గా విని, పలక పక్కన పెట్టి అంది:

"పేరు చెప్తే సచ్చేటోడైతే, పెండ్లయిన మర్నాడే పిల్చింటి కదమ్మా."