పెదనాన్న పాత తూటా

"ఆ పాత తుపాకీ ఇచ్చేసినందుకు ఎప్పుడన్నా బాధపడ్డావా పెదనాన్నా?"

"పడకేమే? ఇప్పటికీ పడుతున్నాను. ఇదిగో, ఈ రెండు కళ్లతోనూ ఏడుస్తున్నాను చూడు."

అని నవ్వాడు. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. ఆ వారంలోనే పోయాడు. రెండు కళ్ల మాట ఎందుకన్నాడో తెలియాలంటే నా చిన్నప్పుడు జరిగింది చెప్పాలి.

రాసుకోవే అమ్మాయ్. నాకు రెండో తరగతితో సరి, సంతకం వరకే చెయ్యి తిరుగుతుంది. నా తమ్ముడి కూతురివి, నీ పురుటికని ఈ సిడ్నీ దాకా వచ్చాను. పిల్లాడు నిద్రపోయాడు కాబట్టి నేను చెబుతాను, నువ్వు ఆ కంప్యూటర్లో కొట్టు. ఇక్కడి తెలుగువాళ్ల పత్రికకి పెద్దవాళ్ల జ్ఞాపకాలు కావాలన్నారని నువ్వే చెప్పావు. నిన్న నువ్వు నన్నడిగినదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది.

నా చిన్నప్పుడు మా ఊరు గోదావరి దాటాక అడివి మొదలయ్యే చోట ఉండేది. జొన్న, చిలగడదుంప వేసేవాళ్లం. మేం వేసినదాంట్లో సగం అడివిపందులు తినేవి. ఒకసారి పొలంలో అడ్డమొచ్చిన మా నాన్న తొడని ఒక పంది కోరతో చీల్చేస్తే ఆయన ఏడాది మంచం దిగలేదు. ఊరికంతటికీ ఉన్నది ఒక్కటే లైసెన్సు తుపాకీ, మా పెదనాన్నది. కలప వ్యాపారం చేసే తెల్లదొర ఊరొదిలి పోతూ మా తాతకి ఇచ్చిపోయాడట.

ఆ తుపాకీకి పట్టే తూటా ఇంకెక్కడా దొరకదు. నా బొటనవేలంత లావు, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ పొడుగు, ఇత్తడి గొట్టం. రాజమండ్రిలో కొట్టువాడు దాన్ని చూసి నవ్వాడట. పేల్చాక ఖాళీ గొట్టాలన్నీ ఏరి తెచ్చి, పెదనాన్నే మందూ సీసమూ నింపుకునేవాడు. మొత్తం పదకొండు గొట్టాలు. వాటిని చింతపండూ బూడిదా పెట్టి తోమే పని నాది. బంగారంలా మెరిసేవి. మూతి దగ్గర పెదవి ఆనించి ఊదితే ఈల మోగేది. ఊళ్లో మరే పిల్లకీ లేని ఈల అది.

ఆ ఏడు వానల ముందు పట్నం నుంచి తుపాకులు బాగుచేసేవాడొకడు వచ్చాడు. పాతది తనకిస్తే, ఏ కొట్లోనైనా తూటాలు దొరికే తుపాకీ ఇస్తానన్నాడు. మర్నాడు పొద్దున్న మాట చెప్పమన్నాడు. ఇంక చూడు మా ఇంట్లో రగడ. ఇచ్చెయ్యమని పెద్దమ్మ, ఇవ్వొద్దని నేను. నాకు ఎనిమిదేళ్లు, అయినా నా గొంతే పైన.

పెదనాన్న ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, మధ్యలో ఒక తూటా నిలబెట్టాడు. ఇవ్వొద్దన్న నేను దాని చెడు చెప్పాలి. ఇచ్చెయ్యమన్న పెద్దమ్మ దాని మంచి చెప్పాలి. ఎవరికి కావలసింది వాళ్లు చెప్పడానికి వీల్లేదు.

పెద్దమ్మ మూతి తిప్పింది. "మంచా? ఆ పొగకి ఊళ్లో దోమలన్నీ చస్తాయి, అదే మంచి," అంది. అందరం నవ్వాం. ఆ తరవాత మెల్లిగా చెప్పింది. దాని దెబ్బ తిన్న పంది రెండో అడుగు వెయ్యదనీ, గాయంతో తిరిగొచ్చి మనిషి మీద పడదనీ, ఆ ఒక్క చప్పుడు వినబడితే తను ధైర్యంగా అన్నం వార్చుకుంటుందనీ. అంతకు ముందెప్పుడూ ఆమె నోట ఆ మాట వినలేదు.

ఇప్పుడు నా వంతు. భుజం మీద తన్నుతుందన్నాను. పేల్చాక పొగలో ఏమీ కనబడదన్నాను. గుండు దూరం పోకుండానే కిందికి దిగిపోతుంది కాబట్టి పందికి బాగా దగ్గరగా వెళ్లాలన్నాను. పెదనాన్న ఇంకా అన్నట్టు చూశాడు. ఇంకొకటి ఉంది, అది నాకొక్కదానికే తెలుసు.

తోమేటప్పుడు మూడు గొట్టాల అడుగున వెంట్రుకంత చీలిక చూశాను. గోరు పెడితే తగులుతుంది. చెబితే తుపాకీ పోతుంది, నా ఈల పోతుంది. అందుకని రెండు నెలలుగా ఆ చీలికల్లో బూడిద కూరి, మరింత మెరిసేలా తోమి పెడుతున్నాను.

ఏడుస్తూ చెప్పాను. పెదనాన్న ఆ మూడింటినీ వెలుగులోకి పట్టుకెళ్లి, ఒక్కోదాని మీదా గోరు నడిపాడు. తుపాకీ ఎత్తి గురి చూసినప్పుడు ఆ చీలిక ఉండే చోటు తన కంటికి ఎంత దగ్గరో చెయ్యి పెట్టి చూపించాడు. బెత్తెడు. పగిలితే ముందు పోయేది కన్ను. కొడతాడనుకున్నాను. నా తల మీద చెయ్యేసి, "కావాలనుకున్నదాని చెడు మనకే ముందు తెలుస్తుందే. తోమి తోమి దాస్తాం," అన్నాడు.

మర్నాడు తుపాకీ ఇచ్చేశాడు. చీలిన గొట్టం ఒకటి ఈలకని నాకే ఇచ్చాడు. కొత్తదాంతో మొదటి పందికి రెండు తూటాలు పట్టాయి, పెదనాన్న వారం రోజులు దాన్ని తిట్టుకున్నాడు. కానీ వెళ్లిన ప్రతిసారీ రెండు కళ్లతో తిరిగొచ్చాడు.

మా ఆయన పోయాక ఊళ్లో ఒంటరిగా ఉంటానని నేను మొండికేసినప్పుడు, నాకు నేనే మనసులో ఆ అరుగు మీద కూర్చున్నాను. ఒంటరిగా ఉండడంలో చెడు చెప్పుకున్నాను. అప్పుడే మీ నాన్న ఇంటికి వచ్చాను, నిన్ను ఎత్తుకుని పెంచాను. దాన్లో నాకు పోయిందేమీ లేదు.

ఇక నీ సంగతి. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయట కదా, వాటికి రాసే ఆ పాత భాష తెలిసినదానివి నువ్వే కాబట్టి మీ ఆఫీసువాళ్లు ఉండిపొమ్మంటున్నారు. ఇంకోచోటివాళ్లు కొత్త భాష మొదటి నుంచీ నేర్పుతామంటున్నారు. రేపు మాట చెప్పాలి. నిన్నంతా ఉండిపోవడంలో మంచే చెప్పావు నాకు. ఎంత బాగా తోమావో!

ఏమిటే, చేతులు ఆపేశావు? ఇది పత్రికకా నాకా అంటావా? ఇద్దరికీ. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను, నాకా యంత్రాల సంగతి తెలీదు. ఉండిపోయినా మంచిదే కావచ్చు. కానీ నీకొక్కదానికే తెలిసిన చీలిక ఏదో ఉంటే, అది ముందు పైకి చెప్పుకో. తరవాత ఏది చేసినా నవ్వుతూ బాధపడొచ్చు, మా పెదనాన్నలాగా.

సరే, పిల్లాడు కదులుతున్నాడు, నేను ఉయ్యాల ఊపుతాను. ఏదీ, రాసిందంతా మొదటి నుంచీ ఒకసారి చదివి వినిపించు. నేను ఏడ్చిన చోట మాత్రం గబగబా దాటెయ్యకు, మెల్లిగా చదువు.