సున్నం కొట్టిన ఆదివారం

చిత్తూరు బెల్లం మండీల వీధిలో ఒక గోడను నేను చంపేశాను. సుత్తి పట్టకుండా, చెయ్యి ఎత్తకుండా, ఒక్క మాటతో. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు, నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

డెబ్బైల చివరి రోజులు. నాకు ఇరవై మూడేళ్ళు. తిరుపతిలో ఒక బడిలో డ్రాయింగు చెప్పేవాణ్ణి. ఒకసారి పనిమీద చిత్తూరు వెళ్ళి, మూతబడిన మండీ గోడ ముందు కాళ్ళు కదలక ఆగిపోయాను. పైన సున్నం పెచ్చులూడింది. దాని కింద పసుపు, ఇంకా కింద నీలం, అట్టడుగున ఇటుక. తలుపు గొలుసుకు పట్టిన తుప్పు వానలకు కరిగి, ఎర్రటి చారగా నేలదాకా దిగింది. ఎండా, వానా, బెల్లపు చెమ్మా కలిసి ఏళ్ళ తరబడి తీరిగ్గా వేసిన బొమ్మ అది. నేను నోరు తెరిచి ఎంతసేపు నిలబడ్డానంటే, వెనక ఎద్దులబండి తోలుకొచ్చినాయన, "ఏమప్పా, గోడకు కావిలి ఉండావా?" అని అడిగి పక్కకు తోలుకుపోయాడు.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆ గోడను గీసేవాణ్ణి. మండీ వెనక ఇంట్లో దాని యజమానురాలు కామాక్షమ్మ ఉండేది. భర్త పోయాక వ్యాపారం మూసేసింది. మూడో ఆదివారం మజ్జిగ పట్టుకుని బయటికొచ్చింది.

"ఏం నాయనా, వారం వారం వచ్చి మా గోడనే సూస్తా కూసుంటావు. కొంటావా ఏమి?"

"లేదమ్మా, బొమ్మ గీస్తా ఉండాను."

"దీన్నా? పక్కనోళ్ళు కొత్తగా రంగులేసినారు గదా, అది గీయరాదా?"

"దాంట్లో ఏముండాదమ్మా? మీ గోడలాంటిది ఈ జిల్లాలోనే లేదు."

ఆమె గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఇద్దరిలో ముందు కూలేది ఎవరా అని లెక్క వేస్తున్నట్టుంది.

మద్రాసులో నాకు బొమ్మలు నేర్పిన మాస్టారు అప్పట్లో పాతబడిన కట్టడాల మీద ఒక ప్రదర్శన పెట్టబోతున్నారు. గోడ గురించి పది పేజీల ఉత్తరం రాశాను. "నువ్వు రాసినంత గొప్పగా ఉంటే నీ బొమ్మలూ పెడదాం. వచ్చి చూస్తాను" అని జవాబిచ్చారు. నేను నేల మీద నిలవలేదు. నేరుగా కామాక్షమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, వచ్చే ఆదివారం మా అయివారు వస్తా ఉండారు. మద్రాసు నుంచి. మీ గోడ సూసేదానికి."

"మా గోడ కోసమా? అంత దూరం నుంచా?"

"దాని కోసమేనమ్మా."

ఆమె కళ్ళు చెమర్చాయి. కళ అంటే అంత గౌరవం కాబోలు అనుకున్నాను. మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం తట్టలేదు.

ఆదివారం బస్టాండు నుంచి మాస్టారికి ఆ తుప్పు చార గురించి చెప్పుకుంటూ వీధి మలుపు తిరిగాను. కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ కోడిగుడ్డంత తెల్లగా మెరుస్తోంది. అడుగున కావి పట్టీ, ముందు ముగ్గు, గొలుసుకు నిగనిగలాడే నల్లరంగు. పట్టుచీర కట్టుకుని కామాక్షమ్మ ఎదురొచ్చింది.

"రండి అయివారూ. నాలుగు దినాలు గీకించి, మూడు పూతలు ఏపించినాను. ఇంకా ఆరలేదు, ఆనుకోవద్దండి."

"ఇదేనా?" అన్నారు మాస్టారు.

"పోయిన వారం దాకా వేరే ఉండింది సార్" అన్నాను. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఎందుకమ్మా గీకించినావు?" అని అడిగాను.

"పెద్దమనిషి వస్తాంటే పాసి పట్టిన గోడ సూపిస్తామా నాయనా? నువ్వు సిన్నోడివి, నీకు తెలీదు."

మాస్టారు వంగి గోడ మొదట్లో నేలంతా వెతికారు. ఆ తర్వాత, "గీకిన పెచ్చులు ఎక్కడ పోశారమ్మా?" అన్నారు.

పెరట్లో కుప్ప ఉంది. ఆయన మట్టిలోనే కూర్చుని, అరచేయంత పెచ్చు ఒకటి తీసి అంచు తుడిచారు. బొటనవేలి మందంలో పొర మీద పొర. పద్నాలుగు దాకా లెక్కపెట్టి తప్పిపోయాను. కామాక్షమ్మ పక్కన కూర్చుని వేలు పెట్టి చూపింది.

"ఈ నీలం నా పెండ్లికి ఏసింది. మా అత్త నీలిమందు ఎక్కువ కలిపేసింది. పెండ్లికొచ్చినోళ్ళ భుజాలన్నీ నీలమే. ఈ పసుపు పెద్దోడు పుట్టినప్పుడు. ఈ నల్లది మండీ అంటుకున్నప్పటి పొగ. మా ఆయన దానిమీదనే సున్నం కొట్టించి, మర్నాడు తలుపులు తెరిచినాడు."

మేమిద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. రెండు నెలలు చూసి నేను గీసింది గోడ చర్మమే. లోపల ఒక ఇంటి బతుకంతా ఉందని అప్పుడు తెలిసింది. మాస్టారు ఆ పెచ్చును నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు తువ్వాలు మీద పెట్టారు.

"వీటిని ప్రదర్శనలో పెడతాను. ఈమె చెప్పిన మాటలు పక్కన రాయిస్తాను" అన్నారు.

"మరి నా బొమ్మలు సార్?"

ఆయన బదులిచ్చేలోపే కామాక్షమ్మ చెయ్యి చాపింది. నా బొమ్మల్లో ఉత్తమమైనది తీసిచ్చాను. పగుళ్ళు, తుప్పు, చెమ్మ మరకలు, ఒక్కటి వదలకుండా గీసినది. ఆమె చాలాసేపు చూసింది. ఎంతో జాలిగా నా తల నిమిరి, గోడ దగ్గర కుంచెలు కడుగుతున్న మేస్త్రీని పిలిచింది.

"ఏమప్పా, బక్కెట్లో సున్నం మిగిలుండాది గదా. ఈ కాగితానికీ ఒక పూత ఏసెయ్."

మాస్టారు మద్రాసు బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉన్నారు. నా బొమ్మలు ఆ ఏడాది ఏ గోడా ఎక్కలేదు. ఆ బస్టాండులోనే, తూర్పుకు తిరిగి, చెప్పులు విప్పి మరీ ప్రమాణం చేశాను. ఇకపై ఎంత గొప్ప పాడుగోడ కనబడినా, దాన్ని చూడడానికి ఎవరో వస్తున్నారని ఆ ఇంటి ఇల్లాలితో ఛస్తే చెప్పను.