సముద్రం కంటే పల్లపు దేశం

మాది గోదావరి జిల్లా. గండికోట బస్సులో నా పక్కన నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. ముందు సీట్లోని ముసలి రైతు వాళ్ల దేశం సంగతులు అడగమన్నాడు. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను.

అక్కడ చాలా నేల సముద్రం కంటే పల్లం. వందల ఏళ్ల కిందటే కట్టలు పోసి, నీళ్లు తోడేసి, పాడిపశువులూ పూలతోటలూ పెంచుకున్నారు. నీళ్లు తోడించే పాలకవర్గానికి ఇప్పటికీ విడిగా ఎన్నికలు, విడిగా పన్ను.

బోర్లెండి చీనీచెట్లు, అంటే మా వైపు బత్తాయి, కొట్టేసుకున్నానని అంతకుముందే చెప్పిన ఆ రైతు అసూయపడతాడనుకున్నాను.

"పాపం, నెత్తిన అన్ని నీళ్లు పెట్టుకుని నిద్ర యాడ పడ్తాదమ్మా!" అన్నాడు ఆమెను చూసి.

దిగేటప్పుడు నా భుజం తట్టాడు.

"ఆయమ్మకు చెప్పప్పా, ఈడ ఉన్నన్ని దినాలు నిమ్మళంగా పండుకోమని. ఈడికి నీళ్లు రానే రావు."